సైదా తోక

అంకబాబుకి ఒక్క సంతకం కావాలి.

రెండేళ్ళు కూర్చుని అతను ఒక ఫాంటు తయారుచేశాడు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిపి ఏడొందల పైచిలుకు అక్షరాలు. అన్నీ తన గురువు చేతి రాతే. లావుపాటి కుంచెని రంగులో ముంచి ఒక్క ఊపున లాగినట్టుండే రాత. కంప్యూటర్లో మీట నొక్కితే పెయింటర్ సైదా స్వయంగా వచ్చి గోడ మీద రాసిపోయినట్టే పడుతుంది.

ఆ ఫాంటుని ఒక పురుగుమందుల కంపెనీ అడిగింది. 'వజ్రకాపు' అని కొత్త మందు తెస్తున్నారు. డబ్బా మీద, సంచి మీద, ఊళ్ళలో కట్టే బ్యానర్ల మీద ఇదే రాత ఉండాలన్నారు. ఒక్కటే షరతు. ఆ చెయ్యి ఎవరిదో ఆ మనిషి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టాలి. సోమవారం లోపల అందకపోతే వేరే ఫాంటు చూసుకుంటామన్నారు.

అంకబాబుకి ముప్ఫై నాలుగేళ్ళు. హైదరాబాదులో పదేళ్ళు వాళ్ళ అక్షరాలకీ వీళ్ళ అక్షరాలకీ మెరుగులు దిద్దే ఉద్యోగం చేశాడు. అది మానేసి ఈ పనికి కూర్చున్నాడు. తన పేరుతో బయటికి రాబోతున్న మొదటి పని ఇది. ఇది పోతే మళ్ళీ ఆ కుర్చీలోకే పోవాలి.

శుక్రవారం పొద్దున నరసరావుపేటలో బస్సు దిగాడు.

సైదాది బస్టాండు వెనక రేకుల షెడ్డు. ఒకప్పుడు దాని ముందు బోర్డుల కోసం కొట్లవాళ్ళు వరస కట్టి నిలబడేవాళ్ళు. ఫ్లెక్సీ వచ్చాక ఆ వరస మాయమైంది. ఇప్పుడు లారీల వెనక పేర్లు, ట్రాక్టర్ల మీద నంబర్లు. చచ్చినవాళ్ళకి కూడా ఫ్లెక్సీలే కడుతున్నారు గాని సమాధి రాయి మీద మాత్రం ఇంకా కుంచే కావాలి. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ రాళ్ళ మీద బతుకుతున్నాడు. కుడికంట్లో పొర వచ్చింది. చెయ్యి మాత్రం వణకదు.

అంకబాబు పద్నాలుగో ఏట అక్కడే చేరాడు. మొదటి ఏడాదంతా కుంచెలు కడిగాడు. కడగటం రానివాడికి పట్టుకోవటం రాదన్నది సైదా పద్ధతి. ఎనిమిదేళ్ళు ఆ షెడ్డులో ఉండి, నేర్చుకోవాల్సింది నేర్చుకుని వెళ్ళాడు.

లాప్‌టాప్ తెరిచి గురువు పేరు కొట్టాడు. తెర మీద నల్లగా, బలంగా, సైదా చేతిలోంచి వచ్చినట్టే పడింది. సైదా ముక్కు తెరకి ఆనేంత దగ్గరికి వంగి చూశాడు.

"బావుందిరా. దీనికి టీ ఇప్పించక్కర్లా. నిచ్చెన పట్టుకోటానికి ఇంకోడు అక్కర్లా," అన్నాడు.

అంకబాబు నవ్వి ఒక్కొక్క అక్షరమే చూపించాడు. సైదా తల ఊపుతూ వచ్చాడు. క బాగుందన్నాడు. ఘ తను అంత బాగా ఎప్పుడూ రాయలేదన్నాడు. బండి ర ఎవరికీ అక్కర్లేకపోయినా చేసినందుకు భుజం తట్టాడు. చివర్లో అంకబాబు మళ్ళీ మొదటికి వెళ్ళి అ చూపించాడు. దాన్నే చివరికి దాచుకున్నాడు.

సైదా చాలాసేపు దాన్నే చూశాడు.

"ఈ అ యాడ దొరికింది నీకు?"

అంకబాబు ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. రెండు ఎండాకాలాలు మోటారుసైకిలు మీద తిరిగానన్నాడు. షెడ్డులో ఉన్న బోర్డుల మీద, తను చూస్తుండగా గురువు రాసిన గోడల మీద అ మొండిగా ఉండేది. కానీ పాత పెయింటర్లు ఎవర్ని కదిపినా సైదా తోక గురించే చెప్పారు. పదంలో మొదటి అక్షరం చివరని పైకి చిమ్మేవాడట. ఆఖరి అక్షరాన్ని కుడివైపుకి లాగి, కొసని పైకెత్తి వదిలేవాడట. మాట మాటంతా పందెంకోడి తోక విప్పి నిలబడ్డట్టు ఉండేదట. ఆ తోక ఉన్న గోడ కోసం ఊళ్ళు గాలించాడు. కొన్ని గోడలు పడిపోయాయి. కొన్నింటికి టైల్సు వేశారు. చివరికి మూతపడిన ఒక జిన్నింగు మిల్లు వెనక, ఆముదం చెట్ల మాటున, ఒక్క గోడ దొరికింది.

'ట్యాంకుకు అర మూత, పురుగుకు ఆఖరి కోత' అని ఉంది దాని మీద. పైనున్న మందు పేరు వానలకి పోయింది. ఆ కంపెనీ కూడా ఎప్పుడో పోయింది. కింద మాటలు మాత్రం నిలిచాయి. ఆ మాటల్లోనే ఉంది తోక. ఫోటోలు తీసుకుని, ఆ రెండు వరసల్లోంచి తోక పట్టుకుని, మొత్తం ఫాంటుకి దాన్ని ఎక్కించాడు. కంపెనీవాళ్ళు పడిపోయింది కూడా ఆ తోకకే.

ఇంత చెప్పి అడిగాడు, ఎందుకు మానేశారని. చెయ్యి పడిపోయి మానేశారేమో అనుకున్నానన్నాడు. పోయిన నెల నకిరేకల్లు దగ్గర ఒక లారీ వెనక గురువు రాత చూశాక, పడిపోయింది చెయ్యి కాదని తెలిసిందన్నాడు.

సైదా చేతిలో కుంచెని గుడ్డకి తుడిచాడు. తుడిచిందాన్నే మళ్ళీ తుడిచాడు.

అంకబాబు సంచిలోంచి కొత్త డబ్బాకి అంటించే కాగితం తీసి పరిచాడు. పైన 'వజ్రకాపు' అని లావుగా. దాని కింద, ఇంచుమించు అంతే లావుగా, 'ట్యాంకుకు అర మూత'. ఆ గోడ మీది మాటే. ఈ మందుకి కూడా మోతాదు అదే కావటంతో కంపెనీవాళ్ళు సంతోషంగా తీసుకున్నారు.

అది చూపిస్తున్నప్పుడు అంకబాబు గొంతు మారింది. అందులో గర్వం ఉంది, న్యాయమైన గర్వమే. మామూలుగా మోతాదుని డబ్బా వెనక ఆవగింజంత అక్షరాల్లో వేస్తారు. రైతుకి కనపడదు, కూలివాడికి అసలే కనపడదు. తను కంపెనీతో నెలరోజులు పోట్లాడి దాన్ని ముందుకి తెచ్చాడు. చదవగలిగినవాడు ఎవడైనా పది అడుగుల దూరం నుంచి చదవాలని పట్టుబట్టాడు. చదవలేక ఇక ఎవరి ప్రాణాలూ పోకూడదని చెప్పి ఒప్పించాడు.

"ఎవరి చేతన్నా చదివించావా?" అన్నాడు సైదా.

ఎనభై మంది చేత చదివించారట. డీలర్లు, ఆఫీసు మనుషులు, వ్యవసాయ కాలేజీ విద్యార్థులు. ఒక్కళ్ళు కూడా తడబడలేదు.

సైదా లేచి చొక్కా తొడుక్కున్నాడు. డబ్బా కాగితం తీసుకోమన్నాడు. సంతకం కాగితం కూడా తీసుకోమన్నాడు. గుండ్లవారిపాలెం పోయొద్దామన్నాడు. అక్కడ ఎవరున్నారని అంకబాబు అడిగితే, షెడ్డులో నా బండి ఉంది, బయటికి తియ్యి అన్నాడు.

సంతకం కాగితం తెమ్మన్నాడు కాబట్టి పని అయినట్టే అనుకున్నాడు అంకబాబు. దారి పొడుగునా వెనక కూర్చున్న గురువుకి మాటలు చెబుతూనే ఉన్నాడు. ఫాంటుకి 'సైదా' అనే పేరు పెడుతున్నానన్నాడు. ఊరూరా మళ్ళీ మీ చెయ్యే కనపడుతుందన్నాడు. ఫ్లెక్సీ మిమ్మల్ని మింగింది గదా, ఇప్పుడు ఫ్లెక్సీ మీదకే మీరు ఎక్కి కూర్చుంటారన్నాడు.

ఆ గోడల కాలం తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి.

పత్తి తెల్లబంగారమని ఊదరగొట్టిన రోజులవి. పచ్చపురుగు ఏ మందుకీ చావని రోజులు. అసలు పంట మీద కొట్టే విషానికి మనం మందని పేరు పెట్టుకున్నాం. ఆ ఒక్క మాటతోనే సగం మోసం జరిగిపోయింది. మిగతా సగం గోడలు చేశాయి. కంపెనీవాడు వచ్చి సున్నం వేయిస్తామంటే చాలు, రైతు సంబరపడి గోడ ఇచ్చేవాడు. ఇంటికి సున్నం పడింది కదా అని ఆడవాళ్ళు పెయింటర్‌కి మజ్జిగ ఇచ్చేవాళ్ళు. పేరు ఆరడుగుల ఎత్తున ఉండేది. ముఖానికి గుడ్డ కట్టుకోమని, గాలికి ఎదురుగా కొట్టొద్దని చెప్పే మాట ఏ గోడ మీదా ఉండేది కాదు.

సైదా రోజుకి పదకొండు గోడలు రాసేవాడు. దారానికి బొగ్గుపొడి పూసి గోడ మీద గీత కొట్టటం, నిచ్చెన ఎక్కటం, నీలంతో నింపటం, ఎరుపుతో తోక చిమ్మటం. తోక చిమ్మేటప్పుడు కింద జనం పోగయ్యేవాళ్ళు. కంపెనీలు ఆయన్ని పేరు పెట్టి అడిగేవి. గోడ మీద తోక ఉంటే ఆ మందు మంచిదని ఊళ్ళలో అనుకునేవాళ్ళు. అట్లా అనుకుంటారని ఆయనకి తెలుసు. తెలిసే చిమ్మాడు. ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు, కాబట్టి దాచటం దేనికి.

గుండ్లవారిపాలెంలో చర్చి దాటాక రేకుల ఇల్లు. ఇంటి ముందు పట్టా పరిచి, దాని మీద ఎండు మిరపకాయల కుప్ప. అరవై దాటిన మనిషి ఒకావిడ ఆ కుప్ప పక్కన కూర్చుని తొడిమలు తుంచుతోంది. పేరు రూతమ్మ. కళ్ళజోడు ఒక పక్క కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకుంది. మిరప ఘాటుకి అంకబాబు బండి ఆపుతూనే దగ్గాడు. ఆవిడకి దగ్గు రాలేదు.

సైదాని చూసి ఆవిడ ఆశ్చర్యపోలేదు. రా అనలేదు, పొమ్మనలేదు. మంచం వైపు చూపించి, ఇంట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. వర్షం సంగతి అడిగింది. సైదా కంటి సంగతి అడిగింది. ఆపరేషనుకి భయపడుతున్నావా, ఇంత వయసొచ్చి అని వెక్కిరించింది. సైదా నవ్వలేదు గాని ముఖం కొంచెం మెత్తబడింది.

తర్వాత డబ్బా కాగితం అంకబాబు చేతిలోంచి తీసుకుని ఆవిడ ముందు పరిచాడు.

"ఇది చదువు రూతమ్మా. పెద్దగా చదువు."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. కాగితం మీదికి వంగి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. వ, జ్ర, కా, పు. అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. వేలు కిందికి దించింది. ట్యాం, కు, కు.

"ఆ... రు. ఆరు మూత," అంది.

అంకబాబు ఎంతో మర్యాదగా సరిదిద్దాడు. ఆరు కాదు పెద్దమ్మా, అర. సగం మూత.

ఆవిడ మళ్ళీ చూసింది. కాగితాన్ని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"దీనికి తోకుంది గదయ్యా. తోక లేకపోతే అ, తోకుంటే ఆ. ఈ ర పక్కన చూడు, కొమ్ము పైకి లేచింది. కొమ్ముంటే రు. మా ఏసోబు నాకట్టనే నేర్పాడు."

అంకబాబు రెండేళ్ళుగా ఆ రెండు అక్షరాలనీ రోజూ చూస్తున్నాడు. వంపులు కొలిచాడు, మందం కొలిచాడు, తోక ఎంత లేవాలో వెంట్రుకవాసి తేడాతో సరిచేశాడు. ఆ రెండింటినీ కలిపి ఒక్కసారి కూడా చదవలేదు. అర అని ముందే తెలిసినవాడికి అది అరే. ఎనభై మందికీ ముందే తెలుసు.

రూతమ్మ తలెత్తి సైదా వైపు చూసింది.

"మళ్ళీ రాస్తన్నావా సాయిబూ?"

"నేను రాయలా. నా చెయ్యి రాసింది," అన్నాడు సైదా.

ఆవిడ మళ్ళీ మిరపకాయలు దగ్గరికి లాక్కుంది. తర్వాత అంకబాబు అడగకపోయినా చెప్పింది. ఏడవకుండా, నెమ్మదిగా, తొడిమలు తుంచుతూనే చెప్పింది.

ఇరవై ఆరేళ్ళ కిందటి సంగతి. ఆవిడ భర్త ఏసోబు పత్తి చేలల్లో మందు కొట్టే కూలి. ముప్ఫై ఐదేళ్ళ వయసులో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చాడు. నేర్చినవి వచ్చి పెళ్ళానికి నేర్పాడు. ఇంట్లో పుస్తకం లేదు. ఊళ్ళో గోడలే పుస్తకం. పొద్దున చేనుకి పోతూ, సాయంత్రం వస్తూ గోడల మీది మాటలన్నీ పైకి చదివేవాడు. కూలివాళ్ళు పంతులుగారొస్తున్నారని ఎగతాళి చేసేవాళ్ళు. అందుకు కూడా సంతోషపడేవాడు.

అంతకుముందు ఎప్పుడూ ఆసామి దగ్గరుండి ఎన్ని మూతలో చెప్పేవాడు. ఆ రోజు ఆసామి గుంటూరు పోయాడు. కొత్త మందు. డబ్బా వెనకున్న అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. పక్క చేనులో ఉన్న ఆయన్ని అడుగుదామంది రూతమ్మ. అడగటం ఎందుకు, నాకు చదవటం రాదా అన్నాడు ఏసోబు. చేనుకి ఎదురుగా ఆ మందు పేరే రాసి ఉన్న గోడ దగ్గరికి పోయి, చదివి వచ్చాడు. ట్యాంకుకి ఆరు మూతలన్నాడు. ఎక్కువ కాదా అంటే, సాయిబు అంత పెద్దగా రాస్తే తప్పెట్టా అవుద్దే అన్నాడు.

చదువు రాకపోతే అడిగేవాడు. చదువొచ్చి చచ్చాడు.

పొద్దున మొదలుపెట్టాడు. వీపు మీది ట్యాంకు కారి చొక్కా తడిసింది. పన్నెండో ట్యాంకుకి కళ్ళు మసకలన్నాడు. పదమూడో ట్యాంకుకి గట్టు మీద పడ్డాడు. ఎడ్లబండిలో వేసుకుని రోడ్డెక్కేసరికే అయిపోయింది. కాగితం మీద వడదెబ్బ అని రాసిచ్చారు. ఎండ మీద కేసు వేయలేం కదా. కంపెనీ పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు. దానికి ఆరడుగుల అక్షరాలు గోడ మీదే ఉన్నాయి, కాగితం మీద ఆవగింజంత చోటు కూడా దొరకలేదు.

నెల తిరిగాక సైదా అదే గోడకి రంగు తిరగవేయటానికి వచ్చాడట. రూతమ్మ పోయి నిచ్చెన కింద నిలబడిందట. ఇక్కడ ఏమని రాసుందని అడిగిందట. అర మూత అని చదివాడట సైదా. ఆరు కాదా అని అడిగిందట. అంతే. అంతకు మించి ఆ రోజు వాళ్ళిద్దరి మధ్య మాట లేదు. సైదా నిచ్చెన మీద అట్లాగే ఉండిపోయాడట. దిగి, తారు తెప్పించి, ఆ గోడంతా నల్లగా పూసేసి వెళ్ళాడట.

"రాసినోడి తప్పా, చదివినోడి తప్పా? ఎవర్నని అడగనయ్యా," అంది రూతమ్మ, తొడిమ తీసిన కాయని కుప్పలోకి విసురుతూ.

సైదా నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ తారు పూసిన తర్వాత కూడా సగం జిల్లాలో ఆయన తోకలు ఉన్నాయి. దొరికినవన్నీ పూసుకుంటూ పోయాడు. జిన్నింగు మిల్లు వెనకది ఆయనకి దొరకలేదు. శిష్యుడికి దొరికింది.

అంకబాబు మొహం పాలిపోయింది. కానీ పనిమంతుడు. వెంటనే లాప్‌టాప్ తెరిచి మంచం మీద కూర్చున్నాడు. తోక తియ్యటం ఎంతసేపు పని గురువుగారూ అన్నాడు. నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. అ చివర కోసేశాడు. ర పక్కన లేచిన కొసని అణిచేశాడు. తెర ఆవిడ వైపు తిప్పాడు. రూతమ్మ అర మూత అని చదివింది. అంకబాబు గట్టిగా ఊపిరి వదిలాడు.

అక్కడి నుంచే కంపెనీకి పంపించాడు. పావుగంటకి ఫోను వచ్చింది. అవతలి మనిషి మంచివాడే, గౌరవంగానే మాట్లాడాడు. అంకబాబు జరిగిందంతా చెప్పాడు. ఆయన నిజంగా బాధపడ్డాడు. కానీ తోక లేకపోతే ఇది మామూలు లావు రాతండీ, ఇట్లాంటివి మా దగ్గర పది ఉన్నాయి అన్నాడు.

"తోకే కదండీ మేం అడిగింది."

ఒక దారి కూడా ఆయనే చెప్పాడు. మందు పేరు తోకతోనే ఉంచుదాం. మోతాదుతో చిక్కొస్తోంది కాబట్టి దాన్ని ముందు నుంచి తీసేసి, ఎప్పటిలాగే వెనక్కి పంపిద్దాం. మామూలు అచ్చులో, రూలు ప్రకారం ఎంత ఉండాలో అంత సైజులో. ఎవరూ అర ని ఆరు అని చదవరు. సంతకం ఒక్కటి సోమవారానికి చూడండి.

ఎవరూ చదవరు. ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

అంకబాబు ఫోను పెట్టేశాడు. మోతాదు కోసం నెలరోజులు పోట్లాడినవాడు ఇప్పుడు దాన్ని వెనక్కి పంపే మాటకి లోపల్లోపల దారి వెతుక్కుంటున్నాడు. దారి దొరికింది కూడా. మనిషికి దారులు దొరకటం ఎంత తేలికో, అవసరంలో ఉన్నవాడికి తెలుస్తుంది.

"గురువుగారూ, వజ్రకాపు అని పేరుకి తోకుంటే ఎవరికి నష్టం? పేరు తప్పు చదివి ఎవరూ చావరు కదా."

ఈ ప్రశ్నకి సైదా కోప్పడలేదు. అది తప్పు ప్రశ్న కూడా కాదు. రేపు ఆ కంపెనీ ఇంకో ఫాంటు తీసుకుంటుంది, అదే డబ్బా అదే చేనుకి వస్తుంది. అంకబాబు కాదన్నంత మాత్రాన ఒక్క ట్యాంకు తగ్గదు. సైదాకి అదంతా తెలుసు.

చెయ్యి చాచి సంతకం కాగితం అడిగాడు. అంకబాబు సంచిలోంచి తీసి ఇచ్చాడు. జేబులోంచి కలం కూడా తీసి మూత తీసి ఇచ్చాడు.

సైదా రెండింటినీ తీసుకుని మంచం మీంచి లేచాడు. మోకాళ్ళు పట్టుకుని మిరపకాయల కుప్ప దగ్గర కిందికి వంగాడు. కాగితం రూతమ్మ ఒళ్ళో పెట్టాడు. కలం ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఆవిడ్ని పెట్టమను. పక్కనే నేనూ పెడతా," అన్నాడు.

రూతమ్మ కళ్ళజోడు సర్దుకుని కాగితం వైపు చూసింది. మూడు పేజీలు, సన్నటి అచ్చు. వేలు పెట్టి ఒక వరస చదవబోయి వదిలేసింది. ఇంత సన్నవి నాకు ఆనవు, ఏముందో నువ్వే చెప్పు అంది అంకబాబుతో.

అంకబాబు ఆవిడ ఎదురుగా పట్టా అంచున కూర్చున్నాడు. చెప్పటం మొదలుపెట్టాడు. ఈ అక్షరాలు పెద్దమ్మా, ఈ చేతి రాత, ఇక మీదట ఆ మందు డబ్బా మీద వాడుకోవటానికి అని అన్నాడు. అక్కడిదాకా వచ్చి ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాడు.

ఆవిడ ఓపిగ్గా చూసింది. పట్నం నుంచి వచ్చిన మనిషి, సాయిబు వెంట వచ్చిన మనిషి, ఏదో అవసరం పడి వచ్చాడు. కాదనటం ఆవిడకి అలవాటు లేదు. ఎర్రబడిన వేళ్ళని మరోసారి కొంగుకి తుడుచుకుని కలం సరిగ్గా పట్టుకుంది.

"ఏలిముద్ర అక్కర్లా, సంతకం వచ్చు నాకు. యాడ పెట్టమంటావయ్యా?"

అంకబాబు కాగితంలో సంతకానికి వదిలిన ఖాళీని చూశాడు.

"అడుగుతోంది గదరా," అన్నాడు సైదా. "చూపించు."

అంకబాబు వేలు లేవలేదు.